సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు, ఈఎల్ఎం327 స్కానర్: ఏది పట్టిస్తుంది, ఏది పట్టించదు

వెయ్యి రూపాయల లోపు దొరికే, కారు కంప్యూటర్‌ని చదివే ఈ బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌ని చాలామంది చెక్ ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో చూసుకోవడానికే కొంటారు. బీఎస్6 డీజిల్ బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చారేమో ఆరా తీయడానికి అంతకంటే బాగా పనికొస్తుంది. కాకపోతే ఫాల్ట్ కోడ్లు లేవు కదా అని ధీమా పడకూడదు. పీ2002, పీ2463 లాంటి డీపీఎఫ్ కోడ్లు ఇక రాకుండా ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) నొక్కేయడం డీపీఎఫ్ డిలీట్‌లో భాగమే.

కొనేటప్పుడు పెట్టె మీది వెర్షన్ నంబర్లను నమ్మకండి. అసలు చిప్ చేసిన ఈఎల్ఎం ఎలక్ట్రానిక్స్ 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ తేలేదు. 2022లో ఆ కంపెనీయే మూతపడింది. మార్కెట్లో ఉన్నవి దాదాపు అన్నీ నకళ్లే, వాటిలోనూ మంచీచెడ్డా ఉన్నాయి. నాసిరకంవి ఛాసిస్ నంబరు, క్యాల్ ఐడీ (ఈసీయూ సాఫ్ట్‌వేర్ వెర్షన్ గుర్తు) లాంటి పొడవైన జవాబుల దగ్గర తడబడతాయి. ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై రకమే తీసుకోవాలి, పాత బ్లూటూత్‌ది కలవదు.

ఇంజిన్ వేడెక్కాక స్టీరింగ్ కింది 16 పిన్నుల పోర్టులో గుచ్చి, కార్ స్కానర్ లాంటి యాప్ తెరవండి. మొదట చూడాల్సింది కోడ్లు చెరిపాక తిరిగిన దూరం, ఇంజిన్ ఎన్నిసార్లు చల్లగా మొదలై వేడెక్కిందో చెప్పే వార్మప్‌ల లెక్క. అరవై వేల కిలోమీటర్ల బండిలో ఆ దూరం 40 అని కనిపిస్తే, మీకు చూపించే ముందు ఎవరో చెరిపారన్నమాట. బ్యాటరీ తీసినా కొన్ని బండ్లలో సున్నా అవుతుంది కాబట్టి కొత్త బ్యాటరీ వేశారేమో అడగండి. వార్మప్‌ల లెక్క 255 దగ్గర ఆగిపోతుంది, అది తప్పు కాదు.

తర్వాత డీపీఎఫ్ ముందువెనకల ప్రెషర్ తేడా. ఐడిల్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చూడండి. ఫిల్టర్ లోపల ఉంటే రేస్ ఇచ్చేకొద్దీ అంకె పెరగాలి. సున్నా దగ్గరే ఉంటే డబ్బా ఖాళీ చేశారేమో, లేదా సెన్సార్ పైపు ఊడిందేమో. ఏం చేసినా ఒకే అంకె కదలకుండా నిలబడితే దొంగ సిగ్నల్ అని అనుమానించాలి. కొన్ని మోడళ్లలో ఈ రీడింగ్ మామూలు జాబితాలో రాదు, యాప్‌లో ఆ కంపెనీ ప్రొఫైల్ ఎంచుకోవాలి.

ఈ స్కానర్ కొనడానికి అసలు కారణం సీవీఎన్. ఈసీయూలోని క్యాలిబ్రేషన్ (ఇంజిన్ సెట్టింగుల ఫైలు) మీద లెక్కకట్టి వచ్చే ఎనిమిది అక్షరాల అంకె అది. క్యాల్ ఐడీ అదే ఉండి సీవీఎన్ మారిందంటే ఫైలు లోపల ఎవరో చెయ్యి పెట్టారు. కంపెనీ సర్వీస్‌లో అప్‌డేట్ చేస్తే మామూలుగా రెండూ కలిసి మారతాయి. కాలిఫోర్నియా 2021 జూలై నుంచి తన పొల్యూషన్ పరీక్ష అయిన స్మాగ్ చెక్‌లో ఈ పోలికే చేసి, మార్చిన సాఫ్ట్‌వేర్ ఉన్న బండ్లను ఫెయిల్ చేస్తోంది. మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో డీజిల్‌కి పొగ సాంద్రతే చూస్తారు. అందుకే కొనేవాడు తనే అదే మోడల్ బండి ఇంకోటి వెతికి పోల్చుకోవాల్సి వస్తోంది. కార్ల కంపెనీలు సరైన సీవీఎన్‌లను అందరికీ తెరిచి పెడితే ఈ అవస్థ తప్పుతుంది.

సీవీఎన్‌ని కూడా అబద్ధం చెప్పించే ఫైళ్లున్నాయి. అక్కడ స్కానర్ చేతులెత్తేస్తుంది. సైలెన్సర్ గొట్టం చల్లగా ఉన్నప్పుడు లోపల తెల్లగుడ్డతో తుడవండి. ఫిల్టర్ బాగుంటే మసి దాదాపు అంటదు. లిఫ్ట్ ఎక్కించి డీపీఎఫ్ డబ్బాకి కొత్త వెల్డింగ్ గీతలున్నాయేమో చూడండి. ఇది మన నెత్తికే వచ్చే సంగతి: మోటారు వాహనాల చట్టం 182ఏ కింద అక్రమ మార్పుకి యజమానికి ఆరు నెలల వరకు జైలు, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు.

యూరప్‌లో యూరో 7 కింద 2026 నవంబర్ 29 నుంచి కొత్త కారు మోడళ్లకు ట్యాంపరింగ్‌ని అడ్డుకునే బాధ్యత తయారీదారుదే. ఉద్గారాలను బండే తనంతట తాను గమనించాలి. ఈసీయూకి తాళం గట్టిగా పడేకొద్దీ ఇలాంటి చవక స్కానర్లకు దారి ఇరుకు కావచ్చు. చదవడానికి మాత్రం దారి మూయొద్దన్నదే మా కోరిక, మార్చడానికి వేసే తాళం వేరు.

పని అయ్యాక పోర్టులోంచి తీసేయండి. 16వ పిన్నుకి తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.