ఆదివారం బౌలర్‌కు ఏది మేలు: యాపా, కోచ్ చూపా, చేతిరుమాలా?

మా ఆదివారం జట్టు నెట్స్‌కు వచ్చిందంటే నలుగురిలో ముగ్గురు ముందు ఫోను స్టాండు నిలబెడతారు, ఆ తర్వాతే బూట్లు బిగించుకుంటారు. నేనూ ఆ ముగ్గురిలో ఒకడినే. రెండేళ్లుగా నా బౌలింగును నేనే వీడియో తీసుకుంటున్నాను కాబట్టి లాభనష్టాలు చెప్పే హక్కు కొంత ఉందనుకుంటాను.

ఆ వీడియో చూసి యాప్‌లు చెప్పేవాటిలో అందరికీ మొదట కావలసింది బంతి వేగం. మోసపోయేదీ అక్కడే. గంటకు 120 కిలోమీటర్ల బంతి సెకనుకు 33 మీటర్లు పోతుంది. చేయి వదిలిన చోటి నుంచి బ్యాటర్ దాకా దాదాపు 17.5 మీటర్లు. సెకనుకు 30 ఫ్రేములు తీసే మామూలు వీడియోలో ఆ దూరమంతా 16 ఫ్రేముల్లో ముగిసిపోతుంది. లెక్కలో ఒక్క ఫ్రేము తప్పితే చాలు, వేగం ఏడు కిలోమీటర్లు మారిపోతుంది. నెట్స్‌లో మేము కొట్టుకు చచ్చే తేడాలు అంతకన్నా చిన్నవి! 240 ఫ్రేముల స్లోమోషన్ అయితే తప్పు కిలోమీటరు లోపే ఉంటుంది. అయినా అది గాలిలోనూ పిచ్ మీదా మందగించిన బంతి సగటు. టీవీలో రాడార్ చూపేది చేయి వదిలిన క్షణంలోని వేగం. రెండింటినీ పక్కపక్కన పెట్టి దిగులు పడనక్కరలేదు.

మోచేతి వంపును కొలిచే యాప్‌ల మాట ఇంకా అన్యాయం. బంతి వేసేటప్పుడు వంగిన మోచేయి చాచుకోవడానికి ఐసీసీ అనుమతించేది 15 డిగ్రీలు. దాన్ని తేల్చడానికి చెన్నై శ్రీరామచంద్ర విశ్వవిద్యాలయం వంటి గుర్తింపు పొందిన చోట్ల ఒంటినిండా మార్కర్లు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి కొలుస్తారు. ఒకవైపు నుంచి తీసిన ఫోను వీడియోలో భుజం తిరగడం కూడా మోచేయి వంగినట్టే కనిపిస్తుంది.

అలాగని వీడియో దండగని అనను. క్రీజుకు సూటిగా పక్కన, పాదం ఎత్తున ఫోను పెడితే ముందుకాలు గీత దాటుతోందా లేదా అన్నది వాదన లేకుండా తేలిపోతుంది. వెనక నుంచి తీస్తే తల ఎటు వాలుతోందో తెలుస్తుంది. నడుము ఒకవైపు, భుజాలు మరోవైపు తిరిగే యాక్షన్ వెన్ను కింది భాగానికి చేటు. ఎముకలో పగుళ్లకు దారితీయవచ్చు. దాన్ని మన కంటితో మనం చూసుకోలేం. నెలకొకసారి తీసిన వీడియో దాచుకుంటే మార్పు తెలుస్తుంది. మూడు నెలల కిందటి మన యాక్షన్ ఏ కోచ్‌కూ అంత స్పష్టంగా గుర్తుండదు.

కానీ కోచ్ చేసే పని ఒకటి యాప్ చేయలేదు. ఒక స్పెల్ (వరుసగా వేసిన కొన్ని ఓవర్లు) చూసి యాప్ నాకు పదకొండు లోపాలు చూపించింది: తల ఎడమకు వాలుతోంది, ఎడమచేయి తొందరగా పడిపోతోంది, ఇలా. వారమంతా ఒక్కొక్కటే సరిచేయబోయి రనప్ (బంతి వేసే ముందు పరుగు) కూడా మరిచిపోయాను. పాతకాలపు కోచ్ ఒకాయన ఆరు బంతులు చూసి, "చివరి మూడడుగులు మరీ పెద్దగా వేస్తున్నారు, అవి తగ్గించండి, తక్కినవి వదిలేయండి" అన్నారు. ఆ మూడడుగులు తగ్గితే తల దానంతటదే నిలబడింది. యాప్ చూపినవి అబద్ధాలు కావు. అన్నీ ఆ ఒక్క తప్పు పిల్లలు, అంతే. చిక్కల్లా అలాంటి కోచ్ ఆదివారం ఉదయం పెద్దవాళ్లకు దొరకడమే.

ఇక చేతిరుమాలు. స్టంప్స్‌కు ఆరు మీటర్ల ముందు, ఆఫ్‌స్టంప్ వరుసలో పరిచి 30 బంతులు వేయాలి. దాని మీదో, దానికి జానెడు దూరంలోనో ఎన్ని పడ్డాయో పుస్తకంలో రాసుకోవాలి. నాకు మొదటిసారి నాలుగు. మా స్థాయిలో పరుగులు పోయేది మణికట్టు కోణం వల్ల కాదు, ఓవర్‌కు రెండు హాఫ్‌వాలీలు (బ్యాటర్ కాళ్ల దగ్గర పడి సులువుగా కొట్టగలిగే బంతులు) వేయడం వల్ల. అందుకే నా ఓటు ముందు రుమాలుకు, ఆ తర్వాత దొరికితే కోచ్‌కు, మూడోది నెలకొక వీడియోకు. వేగం చెప్పే యాప్‌ను తీసేశాను. పోయిన ఆదివారం 30కి తొమ్మిది పడ్డాయి. చివరి పది బంతుల్లో మాత్రం ఒక్కటీ లేదు. అలసిపోయాక ఏం చేస్తున్నానో చూడాలి. ఈసారి వీడియో ఆ పది బంతులకే తీస్తాను.