స్నేహితులతో జర్మన్ కబుర్లకు 'ఈజీ జర్మన్' ఎంతవరకు పనికొస్తుంది?

ఏ1, ఏ2 (జర్మన్‌లో మొదటి రెండు స్థాయిలు) పాసై జర్మనీలో దిగినవాళ్లు కూడా తడబడేది చిన్నచిన్న పలకరింపుల దగ్గరే. క్లాస్‌మేట్ ఎదురొచ్చి 'నా?' అంటాడు, ఇంకేమీ అనడు. హలో, ఎలా ఉన్నావ్ రెండూ అందులోనే ఉన్నాయి. తిరిగి 'నా?' అంటే చాలు.

ఇలాంటివి వినడానికి యూట్యూబ్‌లో ఈజీ జర్మన్‌ను మించింది మాకు కనబడలేదు. రోడ్డు మీద మామూలు జనాన్ని ఆపి మాట్లాడిస్తారు. కాబట్టి మాటలు అరిగిపోయి వినిపిస్తాయి: 'నిష్ట్స్' (ఏమీ లేదు) కాస్తా 'నిక్స్', 'హస్ట్ డూ' (నీ దగ్గరుందా) కాస్తా 'హస్టే' అవుతాయి. 'వీ గేట్స్?' (ఎలా ఉన్నావ్?) అని అడిగితే 'గేట్ సో' (అంతంతమాత్రం), 'ముస్ యా' (ఏదో నడుస్తోంది) లాంటి జవాబులొస్తాయి. ఎదుటివాళ్లు చెబుతుంటే మధ్యలో వేసే 'ఎష్ట్?' (నిజమా?), 'ఆఖ్ సో' (ఓహో, అదా), 'గెనావ్' (అవునవును) కూడా ఇక్కడే చెవికెక్కుతాయి. మన 'ఊఁ' కొట్టడమే ఇది. ఇవి లేకుండా బొమ్మలా వింటే మీకు ఆసక్తి లేదనుకుంటారు.

లోపం తెర మీదే ఉంది. పైన జర్మన్, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వీడియోలోనే కలిసి ఉంటాయి, ఆపేసే వీలు లేదు. కళ్లు ఇంగ్లీషు మీదికే పోతాయి, చెవి పనిచేయదు. కింది వరసకు కాగితం అడ్డం పెట్టండి. 0.75 వేగంతో రెండు నిమిషాల ముక్క వినండి, వాక్యం దగ్గర ఆపి అదే లయలో పైకి అనండి, ఆ తర్వాత మామూలు వేగంలో మళ్లీ వినండి. మొదట్లో అదే ఛానెల్‌లోని 'సూపర్ ఈజీ జర్మన్' వీడియోలు చాలు. వాళ్ల పాడ్‌కాస్ట్ బీ1 (మూడో స్థాయి) దగ్గరికొచ్చాకే. అది ఉచితమే. డబ్బు కట్టి సభ్యులైతే రాతప్రతి వస్తుంది, మాట దొరకనప్పుడు అది బాగా ఆదుకుంటుంది.

చిత్రీకరణ ఎక్కువగా బెర్లిన్‌లోనే. మ్యూనిక్ వెళ్లేవాళ్లు 'జెర్వుస్' విడిగా నేర్చుకోవాలి, వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ అదే మాట. హాంబర్గ్ వైపు సాయంత్రమైనా 'మోయిన్' (హలో) అంటారు.

చూసి నేర్చుకుంటే సరిపోనివి రెండున్నాయి. 'ఇష్ బిన్ హైస్' అనకండి, కామంతో ఉన్నానన్న అర్థం వస్తుంది. ఉక్కగా ఉంటే 'మియా ఇస్ట్ హైస్' అనాలి. రెండోది మన 'మీరు' అలవాటు. వయసులో పెద్దవాడైనా తోటి విద్యార్థిని 'డూ' (నువ్వు) అనే పిలవాలి, 'జీ' (మీరు) అంటే దూరం పెట్టినట్టుంటుంది. ప్రొఫెసర్‌తో మాత్రం 'జీ'తోనే మొదలుపెట్టండి.

గోథే సంస్థ పెట్టే బీ1 మాట్లాడే పరీక్షకూ ఇది పనికొస్తుంది. ఇద్దరూ కలిసి ప్లాన్ వేసే మొదటి భాగంలో 'వీ వేర్స్ మిట్...?' (...అయితే ఎలా ఉంటుంది?), 'పాస్ట్ డియా జామ్స్‌టాగ్?' (శనివారం కుదురుతుందా?), 'క్లింగ్ట్ గూట్' (బాగుంది) ధారాళంగా వాడుకోవచ్చు. 'ఆల్టా' (ఒరేయ్), 'క్రాస్' (అదిరింది) లాంటివి మాత్రం పరీక్ష హాల్ బయటే వదిలేయండి.