మురుగుకు జమ్మా, పుట్టగొడుగా: ఏది మేలు?

మురికి నీటి శుద్ధి మాట ఎత్తితే చాలు, జమ్ము నాటాలా, చెక్కను కుళ్ళబెట్టే పుట్టగొడుగును వాడాలా అని అడుగుతున్నారు. నా లెక్కలో దీన్ని తేల్చేది గాలి.

జమ్ము ఆకును అడ్డంగా కోసి చూడండి, లోపలంతా తేనెపట్టులా ఖాళీ గదులే. వాటి గుండా గాలి దిగి, ఊపిరాడని బురదలో ఉన్న వేళ్ళ దాకా చేరుతుంది. నల్లటి బురదలోంచి మొక్కను పీకితే వేళ్ళకు తుప్పు రంగు పూత కనిపిస్తుంది. వేళ్ళ నుంచి బయటికొచ్చిన ఆక్సిజన్ బురదలోని ఇనుముకు తగిలిన గుర్తది. ఆ పలుచని పొరలో కొన్ని బ్యాక్టీరియాలు అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. కాస్త అవతల, గాలి అందని చోట, వేరే బ్యాక్టీరియాలు ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా వదిలేస్తాయి. ఈ పనిలో ఎక్కువ భాగం బ్యాక్టీరియాదే, కానీ బురదలో వాటికి ఊపిరి అందించేది జమ్మే.

ముత్యపు చిప్ప పుట్టగొడుగు బలం వేరు. అది తిన్న దుంగను విరిస్తే తెల్లగా, పీచుపీచుగా ఊడివస్తుంది. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విడగొట్టే ఎంజైములు ఈ తెల్ల కుళ్ళు శిలీంధ్రాల సొత్తు. వాటికి ఫలానా అణువే కావాలన్న పట్టింపు తక్కువ. అందుకే ఈ కోవకు చెందిన ఒక శిలీంధ్రం డీడీటీని సైతం విడగొట్టగలదని 1985లో పరిశోధకులు చూపించారు. అంత మొండి రసాయనాల దగ్గర జమ్ము దీనికి సాటి రాదు.

అయితే నీట మునిగితే ఈ శిలీంధ్రం పని అయిపోయినట్టే. 1628లో మునిగిన స్వీడన్ ఓడ వాసాను 1961లో పైకి తీస్తే చెక్క చాలావరకు నిలిచే ఉంది. చెక్కను తొలిచే పురుగు ఆ నీళ్ళలో లేకపోవడం ఒక కారణమైతే, అడుగున ఆక్సిజన్ కరువు కావడం ఇంకొకటి. మరి మురుగు గుంటలో పుట్టగొడుగు ఎలా బతుకుతుంది?

కాబట్టి నీళ్ళు నిలిచే చోట నా ఓటు జమ్ముకే. ఏటా కోసి తీసెయ్యాలి, లేదంటే కుళ్ళి పీల్చిందంతా నీళ్ళకే తిరిగిచ్చేస్తుంది. గట్టు దాటి పాకకుండా కూడా చూసుకోవాలి, ఒక్కో కంకిలో లక్షకు పైగా గింజలుంటాయి. గుర్రపు డెక్క కూడా మురికిని పీలుస్తుంది గానీ, దాన్ని అదుపులో పెట్టడం ఇంకా పెద్ద టెన్షన్, నేనైతే వద్దంటాను.

నూనె ఇంకిన నేలకైతే పుట్టగొడుగే. పొట్టు, చెక్కముక్కలు కలిపి, తడి ఉండేలా, నీరు నిలవకుండా చూడండి. అక్కడ మొలిచినవాటిని మాత్రం వండొద్దు. లోహాలు ఏ ఎంజైముకూ విరగవు, పుట్టగొడుగులోకే ఎక్కుతాయి.