ట్రాకా, ఒక్క కీబోర్డా, పూర్తి బ్యాండా: సంఘం పాడాలంటే ఏది మేలు?

వాద్యాలు ఉన్నంత మాత్రాన చర్చిలో ఆరాధన లోతుకు వెళ్తుందన్న భరోసా లేదు. వేదిక మీద అయిదుగురు అద్భుతంగా వాయిస్తుంటే కింద నూరుమంది నోరు మెదపకుండా చూస్తూ నిలబడటం మామూలైపోయింది. దాన్ని కచేరీ అనాలి. అందుకే ఈ పోలికకు ఒక్కటే కొలబద్ద: సంఘం గొంతు సంఘానికి వినబడుతోందా, లేదా? పాటలతో ఒకరికొకరు బోధించుకోమని బైబిల్లోని కొలస్సీ 3:16 చెబుతుంది. పక్కవారి గొంతే వినబడనప్పుడు ఎవరు ఎవరికి బోధిస్తారు?

ముందు ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన సంగీతం సంగతి. వాయించేవారు ఒక్కరూ లేనిచోట అది అక్కరకొస్తుంది. లయ తప్పదు, శ్రుతి జారదు. తడబడుతూ వాయించే బ్యాండ్ కంటే ట్రాకే నయం అని ఒప్పుకోవాలి. కానీ అది ఎవరికోసమూ ఆగదు. పల్లవి దగ్గర సంఘం కదిలి, అదే మళ్లీ ఎత్తుకోవాలనుకునేసరికి ట్రాక్ తర్వాతి చరణంలోకి వెళ్లిపోతుంది. ఇక ఆరాధనను నడిపేది నాయకుడు కాదు, ఫోన్. తప్పక వాడాల్సి వస్తే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. క్లిక్ (వాయించేవారికి లయ చూపే టక్‌టక్ శబ్దం) ఉన్న ట్రాకుల్లో సాధారణంగా ఒక చానెల్‌లో క్లిక్, ఇంకో చానెల్‌లో సంగీతం ఉంటాయి. రెండింటినీ కలిపి మిక్సర్‌కు ఇస్తే సభంతా టక్‌టక్‌మని మోగుతుంది. స్కేల్ (పాట పాడే శ్రుతి ఎత్తు) తగ్గించే యాప్‌లు ఉన్నాయి గానీ, రెండు మూడు సెమీటోన్లు (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య తేడా ఒక సెమీటోన్) దాటితే గొంతులూ డ్రమ్సూ వికారంగా మారతాయి.

చిన్న, మధ్యరకం సంఘాలకు మా తీర్పు ఒక్క కీబోర్డు లేదా ఒక్క గిటారు, తోడుగా ఇద్దరు గాయకులు. కారణం సులువు. ఒక్కరు వాయిస్తే నాయకుడి కనుసైగ చాలు: ఆగుతారు, మళ్లీ ఎత్తుకుంటారు, ప్రార్థన కింద మెల్లగా వాయిస్తూ ఉండిపోతారు. అయితే కీబోర్డు వాయించేవారు ఎక్కువగా చేసే తప్పు, పాట మొత్తాన్ని వయొలిన్ల గుంపులా వినబడే స్ట్రింగ్స్ టోన్‌తో నడపడం. ఆ స్వరం మెల్లగా లేస్తుంది కాబట్టి తాళం దెబ్బ ఎక్కడ పడిందో సంఘానికి తెలియదు, పాట వేగం తగ్గి సాగలాగినట్టవుతుంది. పాటకు పియానో టోన్ పెట్టి, స్ట్రింగ్స్‌ను ప్రార్థనకు ఉంచుకోండి. కొత్త పాట తొలి చరణంలో తప్ప కుడిచేత్తో రాగం వాయించనక్కర్లేదు, కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) చాలు. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కినవారు పాట అయ్యాక దాన్ని సున్నాకు తేవాలి. మరిచిపోతే తర్వాతి పాట ఎవరూ అందుకోలేని స్కేల్‌లో మొదలవుతుంది. గిటారుకు కాపో (స్కేల్ పెంచడానికి తీగల మీద బిగించే క్లిప్పు) పెడితే, పెట్టిన తర్వాత మరోసారి ట్యూన్ చేయాలి.

అసలు సంఘం పాడకపోవడానికి పెద్ద కారణం వాద్యం కాదు, స్కేల్. రికార్డింగులో పాడినవారు శిక్షణ పొందిన గాయకులు, కూర్చున్నవారు కాదు. పాటలోని అన్నింటికంటే పై స్వరాన్ని కీబోర్డు మీద వెతకండి. స్త్రీలకు మధ్య సి (కీబోర్డు నడుమనున్న సి) పైన వచ్చే రెండో డి, పురుషులకు దానికి ఒక సప్తకం కింది డి దాకా ఇబ్బంది లేదు. ఒకటి రెండుసార్లు ఇ తాకినా ఫర్వాలేదు. పై స్వరం ఎఫ్ అయితే మూడు సెమీటోన్లు దించాలి. దించాక అన్నింటికంటే కింది స్వరం స్త్రీల గొంతులో మధ్య సి కిందనున్న ఎ కంటే దిగువకు పోతే, ఆ పాట విస్తృతి సంఘానికి ఎక్కువని అర్థం. దాన్ని ఒకరు పాడే పాటగా ఉంచడమే మంచిది. నాయకుడి గొంతుకు ఏది బాగుంటుందన్నది ఆఖరి ప్రశ్న, మొదటిది కాదు.

పరిచయ సంగీతం కూడా చిన్నదే మేలు. పల్లవి చివరి పాదం వాయిస్తే రాగం, వేగం రెండూ అందుతాయి. నాయకుడు అందరికీ కనబడేలా ఊపిరి తీసుకుంటే ఎక్కడ అందుకోవాలో వేరే చెప్పనక్కర్లేదు.

పూర్తి బ్యాండ్ విషయానికొస్తే, దాని బలం వేడుకలో, స్తుతిగీతాల్లో. దాని జబ్బు శబ్దం. డ్రమ్స్ గట్టిగా మోగితే గిటారిస్టుకు తన వాయింపు వినబడదు, మానిటర్ (వేదిక మీదివారు తమను తాము వినే స్పీకర్) పెంచుతాడు. గాయకులూ పెంచమంటారు. వేదిక మీది మోత సభలోకి పొంగుతుంది, దాన్ని మించాలని పెద్ద స్పీకర్లు పెంచుతారు, చివరికి మైకు కీచుమంటుంది. మందు చివర్లో లేదు, మొదట్లో ఉంది: ముందు డ్రమ్స్ తగ్గించండి. చిన్న గదిలో కహోన్ (మీద కూర్చొని చేత్తో వాయించే పెట్టె డ్రమ్) సరిపోతుంది. మానిటర్‌లో నాయకుడి గొంతు, కీబోర్డు ఉంటే చాలు. కూర్చున్నవారి దగ్గర 80 నుంచి 85 డెసిబెల్స్ మధ్య ఉంచండి. 94 దగ్గర గంటకు మించి ఉండటం చెవులకు ప్రమాదం.

పెద్ద హాల్లో ఇంకో చిక్కు. ధ్వని 17 మీటర్లు పోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది, వెనక వరుసల పాట వేదికకు చేరడానికి మరో అంత. నిమిషానికి 72 దెబ్బల పాటలో ఇది దాదాపు దెబ్బలో ఎనిమిదో వంతు ఆలస్యం. సంఘం వెనకబడిందనుకొని డ్రమ్మర్ నెమ్మదిస్తే వాళ్లు ఇంకా నెమ్మదిస్తారు. తన వేగం తాను పట్టుకొని ఉండాలి, అంతే.

బ్యాండ్ ఉన్నవారికి కూడా ఒక చరణం వాద్యాలు ఆపి పాడించమని చెబుతాం. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు శతాబ్దాలుగా వాద్యాలు లేకుండానే పాడుతున్నాయి. క్రైస్తవ సంస్కర్త కాల్విన్ కాలపు జెనీవాలోనూ కీర్తనలు గొంతులతోనే సాగాయి. ఆపే చోటు ముందే అనుకోవాలి: డ్రమ్స్ ఒక పాదం ముందు తగ్గాలి, కీబోర్డు చివరి కార్డు పట్టి వదలాలి. తోడు లేకపోతే శ్రుతి కిందికి జారుతుంది కాబట్టి, చరణం మధ్యలో వాద్యం తిరిగి వస్తే అపశ్రుతి పలుకుతుంది. పాట చివరి చరణానికే ఈ పద్ధతి పెట్టుకొని, తిరిగి వాయించకుండా గొంతులతోనే ముగించండి.