అట్టపెట్టె లైట్ బాక్సా, కిటికీ వెలుగా?

ఇంట్లోంచి కొండపల్లి బొమ్మలు, వన్ గ్రామ్ గోల్డ్ నగలు అమ్మేవాళ్లు ఫోటోల కోసం లైట్ బాక్స్ (వస్తువు మీద వెలుగు అన్ని పక్కలా మెత్తగా పడేలా చేసే పెట్టె) కొనక్కర్లేదు. పెద్ద అట్టపెట్టెకి రెండు పక్కలా, పైనా కిటికీల్లా కోసి ట్రేసింగ్ పేపర్ అతికించి, లోపల తెల్ల చార్టును వెనక నుంచి కిందికి మడత పడకుండా వంపుగా జార్చి, బయట రెండు ఎల్‌ఈడీ బల్బులు పెడితే చాలు. రెండూ ఒకే రకం బల్బులు కావాలి, ఒకటి పసుపుగా ఒకటి తెల్లగా ఉంటే ఆ తేడా ఎడిటింగ్‌లో సరిచేయడం చాలా కష్టం.

బొమ్మలకైతే కిటికీయే మేలు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వేసి, బొమ్మకి అవతలి పక్క వెలుగు తిరిగి పడేలా తెల్ల థర్మాకోల్ షీట్ నిలబెట్టండి. అసలు వెలుగు ఒక పక్క నుంచే వస్తుంది కాబట్టి చిన్న నీడ మిగిలి, ఈ బొమ్మలు చేసే పొణికి చెక్క మీది చెక్కుడు చక్కగా తెలుస్తుంది. పెట్టెలో అదే బొమ్మ చప్పగా ఉంటుంది.

నగలకు మాత్రం పెట్టే! కిటికీ దగ్గర తీసిన బుట్ట కమ్మల మీద నా ఫోను, వేళ్లు, కిటికీ ఊచలు అన్నీ కనిపించాయి. పెట్టె ముందు కూడా తెల్ల కాగితం అడ్డుపెట్టి, లెన్స్‌కి సరిపడా కన్నం ఉంచాక మెరుపు శుభ్రంగా వచ్చింది. పైగా ముసురు పట్టినా, రాత్రి పదైనా పని ఆగదు. నేపథ్యం బూడిదరంగులో వస్తే ఫోను కెమెరాలో ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుగుగా రావాలో చెప్పే సెట్టింగ్) కాస్త పెంచండి, గదిలో ట్యూబ్‌లైట్ తప్పకుండా ఆర్పేయండి.