ఆ డ్రైవర్ కొనకండి: నాది బంతికన్నా దూరం వెళ్లింది

పాత గోల్ఫ్ క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, అమ్మే మన పరుగుల మిత్రుడి గురించి రాస్తున్నాను. పేరు రాయను, ఆదివారం మనతో పరిగెత్తే అందరికీ తెలుసు. నిగనిగలాడే డ్రైవర్ (బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు) ఫోటో పెట్టి ‘ఒక్క సీజనే వాడాను, అన్నయ్యలకు మాత్రమే’ అని రాస్తారు చూడండి, ఆయనే. ఆ ‘అన్నయ్యలకు మాత్రమే’ దగ్గరే నాకు అనుమానం రావలసింది. రాలేదు సరికదా, సంబరపడ్డాను.

నా సంగతి క్లుప్తంగా. వయసు 47. పరుగు ఆరేళ్లుగా, గోల్ఫ్ మూడేళ్లుగా. హ్యాండికాప్ 26 (ఈ అంకె ఎంత పెద్దదైతే ఆట అంత అంతంతమాత్రం). శనివారం గోల్ఫ్, ఆదివారం పరుగు, సోమవారం నడుం నొప్పి. నా పాత డ్రైవర్ ముఖం, బంతికి తగిలే వైపు, చీలింది, ఇంకొకటి కావలసి వచ్చింది, ఈయన అమ్ముతున్నారు. హాఫ్ మారథాన్ సాధనలో 18వ కిలోమీటరు దగ్గర నాకు పిక్క పట్టేస్తే, తన పరుగు ఆపుకుని చివరిదాకా నా పక్కన నడిచిన మనిషి. అలాంటి మనిషి చేతిలోంచి క్లబ్బు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడటానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది.

రెగ్యులర్ షాఫ్టు, అంటే కాస్త వంగే కర్ర, కావాలన్నాను. ‘మీ ఊపుకు రెగ్యులరా! వంగిపోతుంది అన్నయ్యా, స్టిఫ్ తీసుకోండి’ అన్నారు. ఆ మాటకు నేను రెండంగుళాలు పెరిగాను. నా ఊపు నెమ్మదని నాకు తెలుసు. నెమ్మది ఊపుకు గట్టి షాఫ్టు తగిలిస్తే బంతి సరిగ్గా పైకి లేవదని, కుడికి జారిపోతుందని కూడా తెలుసు. కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్లకు ఈ ముక్క చెప్పేది నేనే! ఇంకా చిత్రం వినండి. షాఫ్టు క్లబ్బు తలలోకి దిగేచోట నల్లటి ప్లాస్టిక్ ఉంగరం ఉంటుంది కదా, ఫెరూల్, అది తలకు ఆనకుండా కాస్త పైకి ఉంది. వేలిగోరు దూరేంత సందు. నేను గోరు దూర్చి చూశాను కూడా. ‘వాడకంలో అలా అవుతుంది’ అన్నారు. అవుతుంది కాబోలు అనుకుని, బేరమైనా ఆడకుండా, అక్కడే నిలబడి డబ్బు మొత్తం ఫోనులో పంపేశాను.

మొదటి రెండు వారాలూ బంతికి తగిలినప్పుడల్లా ఖాళీ డబ్బాను గరిటెతో కొట్టినట్టు చప్పుడు. కొత్త మాడళ్లు ఇలాగే మోగుతాయేమో అనుకున్నాను. మూడో శనివారం, నాలుగో టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు). ఊపు సగంలో ఉండగానే చేతులు ఒక్కసారిగా తేలికైపోయాయి. చూస్తే చేతిలో కర్ర మిగిలింది. బంతి గడ్డిలో దొర్లుకుంటూ ఓ అరవై గజాలు పోయి ఆగింది. డ్రైవర్ తల మాత్రం దానిని దాటిపోయి ఇసుక గుంటలో పడింది. ఎదురుగా మనిషి లేడు కాబట్టి సరిపోయింది. 2023 నుంచి నియమం మారింది, కోపంతో విరగ్గొట్టింది కాకపోతే రౌండు మధ్యలో వేరేది తెచ్చుకోవచ్చని తోటి ఆటగాడు ఓదార్పుగా చెప్పాడు. తెచ్చుకోవడానికి ఇంకొకటి ఉండాలి కదా నాయనా! 14 క్లబ్బుల దాకా అనుమతి ఉన్న ఆటను 13 క్లబ్బులతో, ఒక కర్రతో ముగించాను.

ఇంటికొచ్చి ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూశాను. తల మీద టైటానియం అని చెక్కి ఉంది. టైటానియానికి అయస్కాంతం అంటుకోదు. బరువు కోసం బిగించే మర దగ్గర అంటుకుంటే ఉక్కు మర అని సరిపెట్టుకోవచ్చు. ఇది ముఖానికి అంటుకుంది, నెత్తికి అంటుకుంది. తలకిందులుగా పట్టుకున్నా మా అమ్మాయి బడి టైంటేబుల్‌తో సహా వేలాడుతూనే ఉంది.

ఈయన దగ్గరే అదే మాడల్ కొన్న ఇంకొకాయన గుర్తొచ్చి ఫోన్ చేశాను. క్లబ్బు మెడ మీది సీరియల్ నంబరు చదవమన్నాను. ఆయన ఒక్కో అంకె చదువుతున్నారు, నేను నా చేతిలోని తలను దీపం కింద తిప్పుతూ చూస్తున్నాను. చివరి అంకె దాకా ఒకటే నంబరు. కవలలకు కూడా వేలిముద్రలు వేరుగా ఉంటాయి.

ఇవాళ పొద్దున పరుగుకు ముందు, అందరూ కాళ్లు సాగదీసుకుంటుండగా మర్యాదగానే అడిగాను. ఇది నకిలీదండీ, నా డబ్బు ఇచ్చేయండి అన్నాను. ఆయనగారు తలెత్తకుండా, బూటు లేసు ముడి వేసుకుంటూ, ‘మీ ఊపుకు అసలైతే ఏమిటి, నకిలీ అయితే ఏమిటి అన్నయ్యా? ఎలాగూ పొదల్లోకే కదా కొట్టేది’ అన్నారు. ఇద్దరు నవ్వారు. మూడు వారాల క్రితం రెగ్యులర్ షాఫ్టును వంచేసే ఊపు ఇదే! నేను నోరు తెరిచేలోపు లేచి పరుగు అందుకున్నారు.

వెంటపడ్డాను. 47 ఏళ్ల మనిషి, డ్రైవర్ తల జేబులో వేసుకుని, అది తొడకు కొట్టుకుంటుండగా, ముందు పరిగెత్తేవాడిని ‘ఆగండి, ఆగండి’ అని పిలుస్తూ. గుండె 171 అని గడియారం మొత్తుకుంటోంది. ఆయన వెనక్కి చూస్తారు, నేను దగ్గరైతే వేగం పెంచుతారు. 5 కిలోమీటర్ల గుర్తు దగ్గర నేను మోకాళ్ల మీద చేతులు పెట్టి ఆగిపోయాను. అప్పుడు తీరిగ్గా వెనక్కి వచ్చి నా మణికట్టు పట్టుకుని చూసి, ‘26:40! మీ ఉత్తమ సమయం కదూ? నాకే ఏమైనా ఇచ్చుకోవాలి మీరు’ అన్నారు.

మోసపోయినందుకన్నా దీనికి ఎక్కువ సిగ్గుపడుతున్నాను: ఆ క్షణంలో నేను కూడా గడియారం చూసుకున్నాను. నిజంగానే నా ఉత్తమ సమయం. ‘అవునా?’ అన్నాను. డబ్బు అడగవలసిన నోటితో అవునా అన్నాను! తేరుకునేసరికి ఆయన బండెక్కి వెళ్లిపోయారు. మధ్యాహ్నం నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

కొనేవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. సీరియల్ నంబరు ఫోటో ముందే తెప్పించుకుని, డబ్బు పంపేలోపు ఆ కంపెనీవాళ్లను అడగండి. గోరు దూరే సందుంటే తిరిగి ఇచ్చేయండి, పక్కన ఎన్ని కిలోమీటర్లు నడిచిన మనిషైనా సరే. ఆయన దగ్గర ఇదివరకే కొన్నవాళ్లు ఈ శనివారం టీ ఎక్కే ముందు ఒకసారి తల లాగి చూసుకోండి, ముందు మనుషులుంటారు.

ఇది రాస్తుండగానే కొత్త ఫోటో వచ్చింది. అదే డ్రైవర్, తొడుగు మాత్రం ఈసారి నీలం రంగు. ‘ఒక్క సీజనే వాడాను’ అట. సీరియల్ నంబరు ఉండే చోట బొటనవేలు అడ్డంగా ఉంది.