బ్రూక్లిన్‌లో సోనిక్స్ కచేరీ, క్వీన్స్‌లో లాడ్జి బాధ

2007 నవంబరు 2 నుంచి 4 వరకు న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో జరిగిన కేవ్‌స్టాంప్ గరాజ్ రాక్ (మొరటుగా, సాదాసీదాగా వాయించే రాక్ సంగీతం) ఉత్సవానికి నేను, న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు కలిసి వెళ్ళాము. వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా పట్టణానికి చెందిన అరవైల నాటి సోనిక్స్ బృందం, 1972 తర్వాత మళ్ళీ వేదిక ఎక్కుతున్నదన్న వార్తే మమ్మల్ని కదిలించింది.

క్వీన్స్‌లోని లాంగ్ ఐలండ్ సిటీలో మేము దిగిన లాడ్జి గురించి మాత్రం కోపం ఇప్పటికీ చల్లారలేదు. రాత్రికి 95 డాలర్లని ముందుగా ఒప్పుకొని, తీరా పెట్టెలతో కౌంటరు ముందు నిలబడ్డాక 145 అడిగారు. ఆదివారం మారథాన్ ఉన్నందున ఊరంతా గదులు నిండిపోయాయట, ఇష్టమైతే ఉండమన్నారు, లేకుంటే వెళ్ళమన్నారు. మా చేతిలోని కాగితాన్ని చదవనైనా చదవలేదు. ఆ ధరకు ఇచ్చిన గదిలో హీటరు పనిచేయలేదు. ఫిర్యాదు చేస్తే ఒక పలుచని దుప్పటి పంపారు. తమ్ముడు సాయంత్రం దాకా నోరు విప్పలేదు. మారథాన్ వారంలో వెళ్ళేవారు జెర్సీ సిటీలో గది తీసుకోవడమే మేలు. అక్కడి నుంచి మాన్‌హట్టన్‌కు వచ్చే పాత్ రైలుకు 2007లో ఒకటిన్నర డాలరు, సబ్‌వేకు రెండు డాలర్లు ఉండేది. మాన్‌హట్టన్ పద్నాలుగో వీధిలో సబ్‌వే ఎల్ రైలు అందుకొని బెడ్‌ఫర్డ్ ఎవెన్యూలో దిగితే, మెకారెన్ పార్కు పక్కగా నడిచి ఉత్సవం జరిగిన హాలుకు చేరవచ్చు.

ఆ వార్సా హాలు బ్రూక్లిన్ గ్రీన్‌పాయింట్‌లోని పోలిష్ నేషనల్ హోమ్‌లో ఉంది. అక్కడే పియెరోగీలనే పోలండ్ వంటకం అమ్ముతారు. కజ్జికాయ ఆకారంలో ఉండి, లోపల బంగాళదుంప, జున్ను కూరి, వేయించిన ఉల్లిపాయతో ఇచ్చిన ఆ ప్లేటుకు ఆరు డాలర్లు. శాకాహారి అయిన తమ్ముడు రెండో ప్లేటు కూడా తెప్పించుకున్నాక, "అన్నయ్యా, ఇక పాట విందాం" అన్నాడు.

పాత సభ్యులలో గాయకుడు జెర్రీ రాస్లీ, గిటారిస్టు లారీ పరీపా, శాక్సోఫోన్ వాద్యకారుడు రాబ్ లిండ్ వచ్చారు. బేస్, డ్రమ్స్ కొత్తవారివి. డ్రమ్స్ అన్నిటికీ ఒకే మైకు పెట్టి రికార్డు చేసిన ఆ తొలినాటి పాటలలోని మొరటుదనం పరికరాల లోపం వల్ల వచ్చిందేమోనన్న అనుమానం నాకు ఉండేది. 1964 నాటి 'ది విచ్' మొదలైన క్షణంలోనే అది తీరిపోయింది. మంచి మైకులు, పెద్ద స్పీకర్లు ఉన్నా ఆ మొరటుదనం అలాగే ఉంది, ఎందుకంటే అది వారి వాయింపులోనే ఉంది. అరవై ఏళ్ళు దాటిన రాస్లీ గొంతు అక్కడక్కడా బొంగురుపోయినా, కేక పెట్టవలసిన చోట తగ్గలేదు. లిండ్ శాక్సోఫోన్ గిటారుతో పోటీపడి కిందిస్థాయిలో గర్జిస్తుంటే, నా పక్కన నిలబడిన నెరిసిన జుట్టు మనుషులు, వారి పిల్లల వయసు యువకులు ఒకేలా ఎగిరారు. జ్ఞాపకాల మీద మాత్రమే నడిచే పునస్సమాగమాలను నేను మెచ్చను. ఇది అటువంటిది కాదు.

ఇటువంటి కచేరీలకు వెళ్ళేవారు చెవులకు ప్లగ్గులు తప్పక పెట్టుకోవాలి. మారథాన్ ఆదివారం ఉదయం గ్రీన్‌పాయింట్ వీధులు పరుగు కోసం మూసివేస్తారు కాబట్టి, ఆ పూట టాక్సీని నమ్ముకోకుండా రైలులోనే కదలాలి.